రెండు ముక్కలు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే బస్సులో, పక్క సీటు పెద్దావిడ ఎరువుమన్ను సంచిలోంచి ఒక వానపాము కిందపడింది. చూసుకోక తొక్కాను. రెండు ముక్కలైంది.

"ఏం కాదమ్మా, ఇప్పుడు రెండు వానపాములవుతాయి," అన్నాను నవ్వుతూ.

ఆవిడ ముక్కలను అరచేతిలోకి తీసుకుంది. "కావు బిడ్డా. నాగలికి తెగినయి మస్తు జూసిన. తలకాయి దిక్కుది బతికితే బతుకుతది. తోక జరసేపు కొట్టుకుని సచ్చిపోతది."

తోక ముక్క ఆవిడ చేతిలో మెలికలు తిరుగుతూనే ఉంది.

"నువ్వేం పని జేస్తవు బిడ్డా?"

ఇరవై ఏళ్లుగా బడిలో జీవశాస్త్రం చెబుతున్నాను. ఆ రెండు వానపాముల మాట కూడా నా పాఠంలోదే.

"బ్యాంకులో," అన్నాను.

తర్వాత క్లాసులో ఆ తప్పు దిద్ది చెప్పాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో మాత్రం ఇప్పటికీ పిల్లలకు చెప్పలేదు.