స్లోలో నిలవని బండి

ముప్పై ఏళ్లు మరమగ్గాల మోతలో బతికినవాడికి చెవులు మిగులుతాయా? వలసొచ్చిన లింబాయత్ బస్తీలో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ రాజలింగానికి మిగల్లేదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. కార్ఖానా మోతలో అందరూ పెదవులు చూసే మాటలు పట్టుకుంటారు. ఇంట్లోనూ, బయటా ఆయన అలాగే నెట్టుకొచ్చాడు. కరోనా వచ్చి అందరి నోళ్లకూ మాస్కులు తగిలించాక ఆ ఆసరా కూడా పోయింది.

రెండో ఏడు ఎండాకాలం మగ్గాలు ఆగిపోతే గల్లీలో స్కూటర్లు బాగుచేయసాగాడు. పక్కింటి హారతి ఆస్పత్రిలో ఆయా. ఆమె బండి నిలబడ్డచోట ఒకసారి రేసెక్కుతుంది, మరోసారి నీరసపడి ఆరిపోతుంది. ఆమె బండి స్టార్ట్ చేసి, వినమన్నట్టు చెవి చూపించింది. రాజలింగం వంగి, కళ్లు మూసి, తల పంకించి, నిలబడ్డప్పుడు ఇంజను వేగం సరిచేసే స్లో స్క్రూ అర చుట్టు తిప్పాడు.

"అయిపాయె బిడ్డా, పో!"

మర్నాడు సాయంత్రం హారతి బండి తోసుకుంటూ వచ్చింది. మోచెయ్యి దోక్కుపోయి ఉంది. కోపంతో మాస్కు గడ్డం కిందికి లాగింది కాబట్టి ఒక్క మాటా తప్పకుండా ఆయనకు అందింది.

"రింగ్ రోడ్ సిగ్నల్ కాడ ఆరిపోయింది. ఎనక టెంపో గుద్దింది. నిన్న చెవు పెట్టి ఇంటివి గద కాకా! ఏం ఇన్నవ్?"

పెట్రోల్ కల్తీది అనబోయి, ఆమె మోచెయ్యి చూసి ఆగాడు.

"నాకు ఇనబడది బిడ్డా. ఇన్నట్టు నటించిన."

గడపలో నిలబడ్డ భార్య బాలవ్వ నోరు తెరిచింది. "గిన్నేండ్ల సంది నాతోని గూడ నటించినవా?"

ఆయన బండి పక్కన కూర్చుని హారతి వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వు ఇను. నేను ఒక్కొక్కటి ఒత్తి చూస్త. చప్పుడు నిలకడైతే చెయ్యెత్తు" అన్నాడు.

బండి స్టార్ట్ చేయించి తీగలు కదిపాడు. పైపులు నొక్కాడు. హారతి చెయ్యి లేవలేదు. కార్బ్రేటర్‌ను ఇంజనుకు కలిపే రబ్బరు మీద బొటనవేలు అదిమాడు. చెయ్యి లేచింది. వేలు తీస్తే దిగింది. రబ్బరులో వెంట్రుకంత చీలిక. ఇంజను అక్కర్లేని గాలి పీల్చి ఆరిపోయేది అక్కడే. కొత్త రబ్బరు వేశాక కూడా హారతే విని, సరేనంది.

అప్పటినుంచి ఎవరి బండి వచ్చినా, "నాకు ఇనబడది, మీరే ఇని చెప్పాలె" అని ముందే అనేస్తాడు రాజలింగం. ఆ మాట అనేటప్పుడు తల వంచుకుంటాడు. కానీ తలెత్తి ముఖం చూడకపోతే వాళ్లేమన్నారో తెలియదు. ఎత్తక తప్పదు.