మిషనమ్మ బండికి కొత్త స్ప్రింగులు

మా ఆయన చెల్లెల్ని ఈ చుట్టుపక్కల అందరూ మిషనమ్మ అంటారు. కుట్టు మిషన్లు బాగుచేయడం ఆమె పని. చిన్నప్పుడే ఎడమకాలు చచ్చుబడింది. చంకకర్రతో నడిచి నడిచి, కాళ్ళు చేయాల్సిన పని కూడా చేతులే నేర్చుకున్నాయి. ఆమె చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవడం మగవాళ్ళకైనా కష్టమే. నోరు అంతకంటే గట్టిది.

ఆమె తిరిగే బండికి మూడు చక్రాలు. మామూలు మోటారు సైకిలే, వెనకున్న ఒక్క చక్రం తీసేసి మా ఆయన రెండు చక్రాలు కట్టాడు. పక్కన పనిముట్ల పెట్టె, చంకకర్ర నిలబెట్టడానికి ఒక గొట్టం. దానికి ఏం రోగం వచ్చినా ఆయనే చూసేవాడు. రిపేరు చేసిన ప్రతిసారీ, బరువు మీద ఎలా ఉందో చూడాలని చెప్పి నన్ను వెనక ఎక్కించుకుని వంతెన దాకా తిప్పి తెచ్చేవాడు. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. నేను ఆ సీటు మీద మళ్ళీ కూర్చోలేదు.

ఈలోగా వెనక షాక్ అబ్జార్బర్లలో ఆయిల్ కారిపోయి స్ప్రింగులు చచ్చుపడ్డాయి. రోడ్డు మీద చిన్న గుంట వచ్చినా దెబ్బంతా మిషనమ్మ నడుముకే. గతుకు కనిపిస్తే చాలు, హ్యాండిల్ మీద రెండు చేతులూ ఆనించి సీటు మీంచి పైకి లేచేది. డాక్టరు చూసి, "ఈ కుదుపులన్నా ఆగాలి, నువ్వు బండెక్కడమన్నా ఆగాలి" అన్నాడు. బండి ఆగితే ఆమె పనీ ఆగినట్టే. బట్టల ఫ్యాక్టరీలో నలభై మిషన్లు ఆమె చేతి మీద నడుస్తున్నాయి.

మెకానిక్ దగ్గరికి వెళ్తే అతను చుట్టూ తిరిగి చూశాడు. "ఇది కంపెనీ బండి కాదు కదక్కా. అన్నయ్య తన లెక్కన కట్టుకున్నాడు. నేను చెయ్యి పెట్టి రేపేదన్నా అయితే నా మెడకు చుట్టుకుంటుంది" అన్నాడు.

మిషనమ్మ ఇంటికొచ్చి చంకకర్ర గోడకు ఆనించి, "అదీ మిషనే వదినా. దారం బదులు పెట్రోలు తింటుంది, అంతే. మనమే విప్పుదాం" అంది. కొలతలు తీసి, బరువు ఆపే రకం స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లతో సహా తెప్పించింది. పాతవాటికంటే బొటనవేలు వెడల్పంత పొడుగెక్కువ.

ఆదివారం పొద్దున్నే వంటింటి వెనక గచ్చు మీద బండి పెట్టాం. ముందు చక్రానికి ఇటుకలు అడ్డం వేశాను. జాకీతో వెనక ఎత్తాక, అడుగున రెండు చెక్క దిమ్మెలు దోపాను. జాకీని నమ్మి కింద చెయ్యి పెట్టకూడదని ఆయన అనేవాడు. ఆయన పని చేస్తుంటే నేను కిటికీలోంచి చూస్తూ కూరలు తరుక్కునేదాన్ని. చూసిందంతా నాలోనే ఉందని ఆ పొద్దుటే తెలిసింది.

తుడవడానికి గుడ్డ కావాలంటే లోపల్నించి తెచ్చిచ్చాను. మిషనమ్మ అందుకుని, చూసి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది వాళ్ళన్న చొక్కా.

"ఇది దాచుకోలేకపోయావా వదినా?"

"ఇంకో మూడు దాచాను. దీనికి గ్రీజు కొత్త కాదులే, ఇటివ్వు" అని నేనే తీసుకుని ఇరుసు తుడిచాను.

పాత బోల్టులు తుప్పుతో అతుక్కుపోయాయి. మిషన్ ఆయిల్ పోసి, పానా చివర నీళ్ళ పైపు ముక్క తొడిగి, మిషనమ్మ కింద కూర్చుని ఒక్క గుంజు గుంజింది. టక్కుమని వదిలింది. గోడవతల నుంచి పక్కింటి బాబాయి తొంగి చూశాడు.

"విప్పడం వచ్చిందమ్మా, మళ్ళీ బిగించడం వచ్చా?"

"రాకపోతే మిగిలిన ముక్కలతో నీకో పడక్కుర్చీ చేసిపెడతాలే బాబాయ్."

ఆయన నవ్వుకుంటూ వెళ్ళాడు కానీ, పది నిమిషాలకోసారి ఏదో ఒక వంక పెట్టుకుని గోడ దగ్గరికి వస్తూనే ఉన్నాడు.

కుడివైపు కొత్త స్ప్రింగు బాగానే ఎక్కింది. స్క్రూ పెట్టిన వెంటనే బిగించెయ్యడం మిషనమ్మకు చేతి అలవాటు. పైబోల్టు, కిందబోల్టు రెండూ ఊపిరాడకుండా బిగించేసింది. తీరా ఎడమవైపు చూస్తే, ఇరుసు ఒక పక్కకు ఒరిగింది. స్ప్రింగు కన్నం ఒకచోట, బండి కన్నం ఒకచోట. మధ్యలో రెండు వేళ్ళ ఎడం. ఆమె తోసింది, నేను లాగాను, రాలేదు. సుత్తి అందుకుంది.

"తప్పు ముక్క పంపారు వదినా. రేపు ఫ్యాక్టరీకి ఎట్లా వెళ్ళాలి?" ఆ మాటన్నప్పుడు మొదటిసారి ఆమె గొంతు తగ్గింది.

నేను గచ్చు మీద చతికిలబడి రెండువైపులా చూశాను. మిషనమ్మ మిషన్లు బాగుచేస్తుంది కానీ బట్ట కుట్టదు. కుట్టేది నేను.

"సుత్తి పక్కన పెట్టు. చొక్కాకి చెయ్యి అతికేటప్పుడు ఒకవైపే గట్టిగా కుట్టేస్తే రెండోవైపు కలుస్తుందా? ముందు చుట్టూ వదులుగా టాకాలు వేసుకుంటాం. అంతా కుదిరాకే అసలు కుట్టు."

ఆమె నా మొహం చూసింది. "ఇన్నాళ్ళూ నాతో ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడు చెప్పనిచ్చావు?"

కుడివైపు మళ్ళీ వదులు చేశాం. జాకీని కాస్త కాస్త లేపుతూ ఎడమ కన్నం కలిపాను. నాలుగు బోల్టులూ చేత్తో తిప్పగలిగినంతే తిప్పాం. దిమ్మెలు తీసి బండి దించాం. ఆమె ఎక్కి కూర్చుని నాలుగుసార్లు ఊపింది. దాని చోట్లో అది సర్దుకున్నాక, ఆమె సీటు మీద ఉండగానే నేను పైపు వేసి నాలుగూ బిగించాను.

ఒక్కో స్ప్రింగు కింద తిప్పే రింగు ఒకటి ఉంది, దానికి గంట్లు. ఎన్ని గంట్లు తిప్పితే స్ప్రింగు అంత గట్టి, బరువును బట్టి పెట్టుకోవాలి. మిషనమ్మకు, పెట్టెకు సరిపడా పెట్టి నేను లేచాను.

"ఇంకో రెండు గంట్లు తిప్పు" అంది.

"ఎందుకు? గట్టిగా అయిపోతుంది."

"వెనక నువ్వుంటే కాదు. ఎక్కు వదినా, వంతెన దాకా పోయొద్దాం. బరువు మీద చూడొద్దూ?"

రెండు రింగులూ తిప్పాను. చేతులు కడుక్కుని, తలుపు గడియ పెట్టి ఎక్కాను. ఎక్కిన కాసేపు ఎవరి భుజం పట్టుకోవాలో తెలియలేదు. తర్వాత ఆమె భుజమే పట్టుకున్నాను.

వంతెన మొదట్లో రోడ్డు పగిలి అడ్డంగా పెద్ద గతుకుంది. అది రాగానే అలవాటు కొద్దీ ఆమె చేతులు బిగించి లేవబోయింది. ఆ లేచే లోపలే గతుకు మా కిందనుంచి వెళ్ళిపోయింది. ఆమె మెల్లగా కూర్చుంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"మళ్ళీ వెనక్కి తిప్పి ఎక్కించనా?"

"ఎక్కించు."

మూడుసార్లు ఎక్కించింది. మూడోసారి ఆమె లేవలేదు.

సోమవారం ఫ్యాక్టరీకి వెళ్ళింది. సాయంత్రం వచ్చేసరికి నేను పానా పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. ముందు నడుము సంగతి అడిగాను. బాగుందంది. తర్వాత నాలుగు బోల్టులూ ఒక్కొక్కటే పట్టి చూశాను. ఒక్కటీ కదల్లేదు.