చదవని మంగళం

పొయ్యి దగ్గర మరిచిపోయిన పాలు ఈ పొద్దు చల్లారి మీగడ కట్టాయి. ఆ వాసన తగలగానే ఒళ్లు జలదరించింది. డెబ్బై ఏళ్లు దాటినదాన్ని, పాలకు భయపడటమేమిటని నవ్వుకున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో జమ్మలమడుగులో మా పక్కిల్లు ఓబయ్య అయ్యవారిది. బడిలో తెలుగు చెప్పి, సెలవుల్లో నాటకాలు ఆడించిన మనిషి, కళ్లకు పొర కమ్మి ఇంట్లో కూర్చున్నారు. భార్య పోయి నెల తిరిగింది. టీచరు ట్రైనింగుకు చదువుకుంటున్న నేను మధ్యాహ్నాలు వెళ్లి ఆయనకొక పాత పద్యనాటకం చదివి వినిపించేదాన్ని. నిఘంటువు ముట్టనిచ్చేవారు కాదు. “మాట తెలీకపోతే దాని ముందూ ఎనకా సదువు పాపా. పక్కనుండే మాటలే దాని గుట్టు చెప్తాయి” అనేవారు.

రాణి చనిపోయాక రాజు ‘ప్రాయోపవేశం’ చేశాడని వచ్చింది ఒకనాడు. అంటే ఏమిటని అడిగాను. “సదువు” అన్నారు, అంతే. రాజు దర్భలు పరుచుకుని ఉత్తరం దిక్కుగా కూర్చున్నాడు. మరునాడు వెళ్లేసరికి అయ్యవారి చాప ఉత్తరానికి తిరిగి ఉంది. ఆ రోజు చదివిన పుటలో రాజు ఫలహారం వెనక్కి పంపాడు. మూడోనాడు, మా అమ్మ పొద్దున పంపిన పాలు ఆయన పక్కన మీగడ కట్టి అట్లాగే ఉన్నాయి. నాలుగోనాడు, రాజు గొంతు సన్నగిల్లిందని చదువుతుంటే, “ఊఁ” అన్న అయ్యవారి గొంతు గోడ అవతలి నుంచి వచ్చినట్టు వినిపించింది. నాకు ఒళ్లంతా చల్లబడింది. తిండీ నీళ్లూ మాని చావు కోసం కూర్చోవడం! ఆ మాటకు అర్థం నా ఎదురుగా చాప మీదే ఉంది.

ఇక మిగిలింది చివరి మంగళం పద్యం ఒక్కటే. మంగళం పాడకుండా ఆట ముగిస్తే కీడని నాటకాలవాళ్ల పట్టింపు. ఆయన దానికోసమే కాచుకుని ఉన్నారని తెలిసిపోయింది. పుస్తకం మూసేశాను.

“ఏంది, నిలిపేసినావు?”

“మంగళం రేపు చదువుతాలే అయ్యవారూ. ముందు పాలు తాగండి.”

“ఆటను సగంలో ఇడిస్తే పాపం తగుల్తాది పాపా.”

“తగలనీండి. నాకు ఆ మాట తెలిసిపాయ.”

ఆయన చేయి తడుముకుంటూ పాల లోటా కోసం వచ్చింది. “శానా మొండిదానివి” అన్నారు. గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది. నేనూ ఏడ్చాను.

మరునాడు అడిగితే మళ్లీ రేపన్నాను. ఆ రేపులతోనే ఆయన ఆరేళ్లు బతికారు. ముసలితనంతో పోయిన రోజున, చెవి దగ్గర చదువుదామని పుస్తకం తెరిచాను. నోరు రాలేదు.

ప్రొద్దుటూరు బడిలో పాఠాలు చెప్పినన్నాళ్లూ ఆ పుస్తకం నా వెంటే ఉంది, ఇప్పుడు బీరువాలో ఉంది. పాలు చల్లారిన రోజుల్లో ఉత్తరం గోడ వైపు నుంచి ఎవరో సన్నగా “ఊఁ” అంటారు. “రేపు అయ్యవారూ” అని చెప్పి, ఆ పాలు వేడి చేసుకుని తాగుతాను.