మన బండి అంటే ఏ బండి

గార్లదిన్నె పక్క తోటల నుంచి అనంతపురం మార్కెట్టుకు చీనీకాయలు తోలడం నా పని. బత్తాయిలంటే మా దగ్గర ఎవరూ పలకరు, చీనీకాయలనే అనాలి. కోత ముమ్మరంగా ఉంటే మా చిన్న బండితో ఒక్క తోటకే రెండు మూడు ట్రిప్పులు తిరగాల్సి వచ్చేది. చివరి ట్రిప్పు చేరేసరికి వేలం ముగిసి, వ్యాపారులు టీలు తాగుతుండేవారు. అందుకే పెద్ద పికప్పు కొందామనుకున్నాను.

నా భార్యకూ బండి తోలడం వచ్చు. వానలు మొహం చాటేసి బాడుగలు లేని ఏడాది, ఖాళీగా ఉన్న బండి మీద, ఖాళీగా ఉన్న నా దగ్గర నేర్చుకుంది. నేర్పినంతకాలం నేను అరిచాను, ఆమె అంతకంటే గట్టిగా అరిచింది. ఆ తరువాత తోటలోంచి తారురోడ్డు దాకా కాయలు తేవడం ఆమె పనే అయింది. బ్రేకు వేస్తే ఆ బండి ఎడమకు లాగేది. ఎందరు మెకానిక్కులకు చూపించినా దాని బుద్ధి మారలేదు. ఆమె మాత్రం స్టీరింగును ఒక పిసరు కుడికి పట్టుకుని నేరుగా నిలిపేది.

పెద్దది కొంటానంటే ఆమె అడ్డు చెప్పలేదు. "యంత పెద్దదన్నా తెచ్చుకోప్పా. మన బండిని మాత్రం ఇడ్సొద్దు" అంది.

చిక్కు ఆ మాటలోనే ఉంది. మా డ్రైవర్ల మధ్య మన బండి అంటే మనం తోలే బండిని తయారుచేసే కంపెనీది, ఏదైనా సరే, అని అర్థం. మార్కెట్టు గేటు దగ్గర టీ బంకులో తెల్లారితే ఇదే పంచాయితీ. మా కంపెనీ బండ్లు తోలేవాళ్ళు ఒక బెంచీ మీద, అవతలి కంపెనీవి తోలేవాళ్ళు ఇంకో బెంచీ మీద. కొత్తవాడు వస్తే ఊరు అడగరు, బండి అడుగుతారు. "ఏమన్నా, నువ్వు గూడా ఆ పక్కకు దుంకుతాండావంట?" అని నన్ను కూడా ఎగతాళి చేశారు.

నిజానికి నా మనసు ఆ పక్క కంపెనీ బండి మీదే ఉండేది. దాని బాడీ వెడల్పు, అంచు కిందికి ఉంటుంది. క్రేట్లు ఎత్తి ఎత్తి భుజం పట్టేసిన వాడికే ఆ అంచు విలువ తెలుస్తుంది. శింగనమలలో తెలిసినాయన బండి అడిగి తీసుకుని తోలి చూశాను కూడా. దిగబుద్ధి కాలేదు. కానీ ఆమె మాట అడ్డొచ్చింది. పైగా ఇన్నేళ్ళు అన్నం పెట్టిన బండి. పెళ్ళాం మాట నిలబెట్టిన మగాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అనుకుంటూ, మా కంపెనీదే పెద్ద పికప్పు తీసుకున్నాను. పాతదాన్ని షోరూములో ఎక్స్చేంజికి ఇచ్చేశాను.

ఇంటి ముందర నిలిపి హారన్ కొట్టాను. ఆమె నిమ్మకాయలు, కుంకుమ ఉన్న పళ్ళెం పట్టుకుని వచ్చింది. కొత్త బండిని చూసి నవ్వింది. తరువాత దాని వెనక్కి తొంగి చూసింది. వీధి చివరిదాకా చూసింది.

"మన బండి యాడప్పా?"

"ఇదే గదమ్మే మన బండి! అదే కంపెనీ. నువ్వు చెప్పినావనే ఆ పక్కది తేల్యా."

"నేను కంపెనీ అంటినా? మన బండి అంటి. పెద్దది నువ్వు తోలుకుంటే చిన్నది నేను తోలుకుందామనుకుంటి."

నాకు మండిపోయింది. ఆ ముక్క విడమరిచి చెప్పడానికి నోరు లేదా అని అరిచాను. ఆమె తిరిగి అరవలేదు. నాకు భయం వేసింది అందుకే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు షోరూముకు పోతే, పాతదాన్ని ఎవరో అప్పుడే కొనుక్కుపోయారన్నారు. కొత్తది తోలి చూడమని ఎన్నిసార్లు చెప్పినా ఆమె "నాకెందుకులే" అనేది.

కొన్ని నెలల తరువాత టమోటాలు ఎక్కించుకుని ఇద్దరం బత్తలపల్లె రోడ్డు మీద పోతున్నాము. ముందర ఒక చిన్న బండి పోతోంది. కొత్త రంగు, వెనక ఎవరిదో పేరు. గొర్రెల మంద అడ్డం వస్తే బ్రేకు వేసింది. ఎడమకు లాగి, మట్టిలోకి దిగి నిలిచింది.

"మన బండి" అంది ఆమె.

"రంగు సూడు, మనది కాదు."

"ఇంగా ఎడమకే లాగుతాండాది. దాని సంగతి ఆయప్పకు ఎవురూ చెప్పల్యా. నువ్వు నిలుపు."

నిలపకముందే తలుపు తీసింది. నడిచిపోయి ఆ డ్రైవరుతో ఏదో చెప్పింది. లేని స్టీరింగును రెండు చేతులా పట్టుకుని కుడికి ఒక పిసరు తిప్పి చూపించింది. అతను తల గోక్కున్నాడు. తరువాత కిందికి దిగి పక్కకు జరిగాడు. ఆమె కొంగు దోపుకుని ఎక్కి కూర్చుంది.

గొర్రెలు దాటిపోయాయి. పాత బండి తారు మీదికి ఎక్కి కొంచెం దూరం పోయింది. బ్రేకు లైట్లు వెలిగాయి. నేరుగా నిలిచింది. మళ్ళీ కదిలింది, మళ్ళీ వెలిగాయి, మళ్ళీ నేరుగానే నిలిచింది. డ్రైవరు చూపించమన్నది ఒక్కసారే అయి ఉంటుంది.

నా వెనక లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. దాటుకుని పొమ్మని వాడికి చెయ్యి ఊపి, నేను ఇంజను ఆపేశాను.