మెట్ల కింద సత్తియ్య

దొరగారి జలవిహారానికి ఏర్పాట్లన్నీ బంగళా వరండాలో జరిగేవి. దోనె నడిపే సత్తియ్య మాత్రం మెట్ల కింద ఎండలో నిలబడేవాడు. బయలుదేరే వేళ గురించి అతణ్ణి ఎవరూ అడిగేవారు కాదు. కిందటేడు అలా అడక్కుండా పెట్టిన వేళకే బయలుదేరితే, ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగలో దోనె తిరగబడి అతని తమ్ముడు లోవరాజు పోయాడు. సత్తియ్య రోజూ తెల్లవారగానే ఏట్లో దిగి, దోసెట్లో నీళ్లు తీసి నాలుకకు తాకించి ఉమ్మేస్తాడు. ఆ ఉప్పదనాన్ని బట్టి సముద్రపు పోటు ఎంతవరకు ఎక్కిందో చెప్పగలడు.

ఈసారి మొగ దాటి సముద్రం చూసి, తిరిగి కొల్లేటికి పోవాలని దొరగారి ముచ్చట. "పది గంటలకు బయలుదేరాలి" అన్నాడు గుమాస్తా. "అప్పటికి పోటు ఎదురొస్తదండి. తాటిదోనె నిలవదండి" అన్నాడు సత్తియ్య. "నీకు గడియారం చూడ్డం వచ్చేంట్రా?" "రాదండి. నీళ్లు చూడ్డం వచ్చండి." గుమాస్తా నవ్వాడు. సత్తియ్య తెడ్డు పక్కన పెట్టి, మొదటిసారిగా బంగళా మెట్టు మీద కూర్చున్నాడు. పోటు తీసి నీరు వెనక్కి మళ్లేదాకా లేవలేదు. దొరగారే కాచుకున్నారు.

అయ్యా, ఈ కథ మీకు చెప్పింది ఇందుకే: పడవ ప్రయాణం తలపెట్టినప్పుడు తెడ్డు పట్టే మనిషిని పైకి పిలిచి కూర్చోబెట్టండి. వేళ ముందుగా అతణ్ణే అడగండి.