లోపల ఊదినాయనకు ఆకు వక్క

ముందే ఒప్పుకుంటున్నాను, గోరంతను కొండంత చేసే నోరు నాది. నేను "వాన పడుతోంది" అంటే మా ఇంట్లో ఎవరూ వెంటనే గొడుగు అందుకోరు. ముందు కిటికీలోంచి చెయ్యి చాచి చూసుకుంటారు. కాబట్టి ఈ జ్ఞాపకంలో అంకె కనిపించిన చోటల్లా సగానికి సగం కోసుకుని చదవండి. అచ్చంగా కల్పించింది ఏదో చివర్లో నేనే చెప్పేస్తాను. మనిషిని మాత్రం కోయకండి. ఆయన ఉన్నవాడే.

నిన్న పొద్దున పని మొదలుపెడుతూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని కీబోర్డు మీద ఒక మీట నొక్కాను. క్లారినెట్టు పలికింది. పలకడానికి వెంట్రుకవాసి ముందు "హు" అని చిన్న చప్పుడు. ఎవరో, ఎక్కడో, ఊదబోయే ముందు గాలి పీల్చుకున్న చప్పుడు. బల్ల మీద చల్లారిన కాఫీ తప్ప మరేమీ లేదు. అయినా నా ముక్కుకు తమలపాకు వాసన కొట్టింది.

తొంభైల చివర అశోక్ నగర్‌లో ఒక మేడ మీద, మూర్తిగారి స్టూడియోలో నేను కీబోర్డు వాయించేవాణ్ణి. భక్తి పాటల క్యాసెట్లు, సబ్బుల ప్రకటనలు, ఎన్నికలొస్తే ఆటోల్లో తిప్పే పాటలు. స్టూడియో అంటే ఒకప్పటి వంటగది. అందులో ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడు బయటికి వెళ్ళి తుమ్మి రావాలి. చప్పుడు బయటికి పోకుండా గోడలనిండా కోడిగుడ్ల అట్టలు. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ మూర్తిగారు జన్మలో గుడ్డు ముట్టని మనిషి. ఆ అట్టల కోసం తలకు తువ్వాలు చుట్టుకుని, రాంనగర్‌లో పదకొండు వేల గుడ్ల కొట్లు తిరిగారు. ఆయన చాటుగా ఆమ్లెట్లు వేసుకుంటున్నారని నమ్మిన ఇరుగుపొరుగు, రెండేళ్ళపాటు ఆయన్ని ఏ వ్రతానికీ పిలవలేదు.

ఆ గదికి మల్లేశన్న వచ్చేవాడు. పాలమూరు నుంచి కూలి పనికి వచ్చి, పగలు ఇటుకలు మోస్తూ, సాయంత్రాలు రాంనగర్‌లో ఒక బ్యాండుమేళం వాళ్ళ దగ్గర క్లారినెట్టు నేర్చుకున్నాడు. నేనెరిగే నాటికి ఇటుకలు మానేసి మేళంలోనే ఉన్నాడు. చిక్కడపల్లి పెళ్ళి ఊరేగింపులో ఆయన ఊదుతుంటే, లోయర్ ట్యాంక్ బండ్ మీద లారీలు హారన్ కొట్టడానికి సిగ్గుపడేవి.

ఆయనకొక పద్ధతి. పళ్ళెంలో రెండు తమలపాకులు, ఒక వక్క, పైన రూపాయి బిళ్ళ పెట్టి చేతికివ్వందే క్లారినెట్టు పెట్టెలోంచి బయటికి రాదు. మేళంవాళ్ళ ఆనవాయితీ అది. మొదటిసారి నేను తొందరపెట్టాను.

"అన్నా, టైమ్ అయిపోతోంది. ముందు వాయించు, ఆకు వక్క తర్వాత తెప్పిస్తా."

"ఎన్క పెడితే అది కూలి అయితది తమ్మీ. ముందుగాల పెడితే మర్యాద. మర్యాద లేకుంట ఊదితే గాలే వస్తది, పాట రాదు."

పాన్ డబ్బాకు పరుగెత్తాను. పాట వచ్చింది. అది అయ్యాక నా వాయింపు విని ఆయన తల గోక్కున్నాడు.

"తమ్మీ, నువ్వు ఊపిరి ఎప్పుడు తీసుకుంటవ్?"

"కీబోర్డుకి ఊపిరెందుకన్నా?"

"దానికెందుకు, వినేటోనికి. గట్ల ఆపకుంట కొడుతనే ఉంటే వాడు పరేషాన్ అయి సచ్చిపోతడు."

సంగీతంలో నాకున్న చదువంతా ఆ రెండు వాక్యాలే. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా, మనిషి గుక్క తిప్పుకునే చోట నా వేళ్ళు మీటల మీదినుంచి లేస్తాయి.

అప్పుడే స్టూడియోకి కంప్యూటర్ వచ్చింది. దాని వెనకాలే శాంప్లర్ అనే ప్రోగ్రాము కబురు వచ్చింది. ఏ దేశంలోనో ఒకాయన ఒక్కొక్క స్వరమే ఊది రికార్డు చేసి పెడతాడు. మనం మీట నొక్కితే ఆయన పలుకుతాడు. అలాంటి స్వరాల మూటను లైబ్రరీ అంటారు. దాని ధర విన్న రోజు మూర్తిగారు పదిహేడు గ్లాసుల మజ్జిగ తాగారు.

"చూడవోయ్," అన్నారు తేరుకున్నాక. "డబ్బు కట్టి అసలుది తెప్పించామా, ఈ ఏడాదంతా మల్లేశాన్ని పిలవలేం. నారాయణగూడలో ఎవడో కాపీ సీడీ ఇస్తానంటున్నాడు, చాయ్ ఖర్చు. అదైతే డబ్బు మిగులుద్ది, మంచి పాటలకి మల్లేశాన్నీ పిలుచుకోవచ్చు. వాయించేవాడివి నువ్వు, నువ్వే తేల్చు."

ముందు రుచి చూద్దామని కాపీ తెచ్చాను. ప్రతి స్వరానికీ ముందు "హు" అంటోంది. "దొంగ సీడీ కదయ్యా, దుమ్ము పట్టుంటుంది," అని మూర్తిగారు దాన్ని పంచె చెంగుతో తుడిచారు. నేను సబ్బు నీళ్ళతో కడిగాను. మూడు రోజులు కడిగాం. ఆ సీడీ జరిపించుకున్నన్ని అభిషేకాలు ఊళ్ళో ఏ శివలింగానికీ జరగలేదు. మూడో రోజున మల్లేశన్న వచ్చాడు.

"ఏంది, అంతగనం తుడుస్తున్నరు?"

"దుమ్మన్నా. ప్రతిసారీ ముందు ఏదో చప్పుడు."

హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఐదారుసార్లు నొక్కించుకుని విన్నాడు. మొహమంతా నవ్వు పాకింది.

"దుమ్ము గాదు తమ్మీ. ఊపిరి. మనిషి ఊపిరి తీసుకుంటుండు. పెద్దాయన లెక్కుండు, జర ఆయాసముంది." తర్వాత మూర్తిగారి వైపు తిరిగాడు. "లోపల ఊదినాయనకు ఆకు వక్క పెట్టిన్రా సార్?"

"ఆయనెవరో ఏంటో మనకేం తెలుసు మల్లేశం? ఇది కాపీ."

"తెల్వకుంటనే ఊదిపిచ్చుకుంటరా? పైసలు కట్టున్రి."

"కడితే ఈ ఏడు నిన్ను పిలవలేమయ్యా!"

మల్లేశన్న హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టాడు. కాసేపు క్లారినెట్టు పెట్టె మీద వేళ్ళాడించాడు.

"నాకు పెండ్లిళ్ళున్నయి సార్. ఆయనకు ఈడ ఎవరున్నరు?"

వారం తిరక్కుండా డబ్బు కట్టాం. మళ్ళీ వచ్చినప్పుడు "కట్టిన్రా?" అని అడిగాడు. "కట్టామన్నా," అన్నాను. జేబులోంచి తనే ఆకు, వక్క తీసి కంప్యూటర్ తెర పైన పెట్టి, దానికి దండం పెట్టుకుని, పెట్టె చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఆ ఏడాది స్టూడియోకి రాలేదు. ఒకసారి చిక్కడపల్లిలో ఊరేగింపు మధ్య కనిపించాడు. మూడు వందల బొత్తాల ఎర్ర కోటు, బూరెల్లా ఉబ్బిన బుగ్గలు. నన్ను చూసి, ఊదడం ఆపకుండానే, 'ఎట్లుండు మీ పెద్దాయన?' అన్నట్టు కనుబొమలెగరేశాడు.

ఇప్పుడు మాట నిలబెట్టుకోవాలి. గుడ్ల కొట్లు నాలుగు. కోటు బొత్తాలు పన్నెండు. మజ్జిగ రెండు గ్లాసులు. అవి ఉన్నదానికి గాలి కొట్టడమే. అచ్చంగా కల్పించింది ఒక్కటే, ఈ మొత్తంలో అతిశయోక్తి లేకుండా రాసిన ఆ చిన్న వాక్యం: "వారం తిరక్కుండా డబ్బు కట్టాం." కట్టలేదు. ఆ డబ్బుతో కంప్యూటర్‌కి మెమరీ వేయించుకుని, కాపీతోనే ఆ ఏటి క్యాసెట్లన్నీ చేశాను. పైగా ఆ అబద్ధం ఇవాళ మీకోసం అల్లింది కాదు. ఆ రోజు ఆయన మొహం చూస్తూ చెప్పింది. నమ్మాడు. తన పనిని తనే వదులుకుని, దండం పెట్టి వెళ్ళాడు. లోపలాయనకూ దక్కలేదు, బయటాయనకూ దక్కలేదు.

నాలుగేళ్ళ తర్వాత అసలుదానికి డబ్బు కట్టాను. ఆకు వక్క పొట్లం కట్టించుకుని రాంనగర్ వెళితే, మేళం కొట్టు ఉన్నచోట జిరాక్సు దుకాణం ఉంది. మల్లేశన్న ఊరికి పోయాడన్నారు. పాలమూరు వైపు ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళూ అడగని నాకూ తెలియదు.

ఇప్పుడు ఏ లైబ్రరీ తెచ్చుకున్నా ముందు డబ్బు కట్టి, తెర ముందు రెండు ఆకులు పెట్టి, ఆ తర్వాతే మీట నొక్కుతాను. నాతో పనిచేసేవాళ్ళు "ఇక్కడేదో చప్పుడుంది సార్, తీసేద్దామా?" అంటే, "ఉండనీ, ఊపిరది," అంటాను. ఈ ఒక్క మాటను సగానికి కోసుకోకండి.