గుండ్రంగా పడ్డ గీత

మా చిన్నాయన పోయాడని నాకు ఫోన్ చేసి చెప్పింది చిన్నమ్మే. ఉదయం పదిన్నర కావొస్తోంది. మిర్యాలగూడలో నేను పాఠాలు చెప్పే బడిలో, స్టాఫ్‌రూంలో కూర్చుని నీళ్ళు తాగుతున్నాను. "మీ చిన్నాయన లేడు బిడ్డా. దుకాణంల కుర్చీలనే ఒరిగిపోయిండు" అంది. ఆమె ఏడవడం లేదు. నాకూ ఏడుపు రాలేదు, మాట చెవిలోనే ఆగిపోయింది. తర్వాత ఆమె గొంతు తగ్గించి అడిగింది: "మిషిన్ల నీ పెండ్లి డిస్కు తిరుగుతున్నది. ఒక్కటే తీరు సన్నాయి మోగుతనే ఉన్నది. వచ్చినోళ్ళు ఎట్లనో సూస్తున్నరు. దీన్నెట్ల బంద్ చెయ్యాలె?"

"ప్లగ్గు పీకకు చిన్నమ్మా. సౌండు తగ్గించి ఉండనియ్, నేను వస్తున్న" అన్నాను.

అవతల మనిషి ప్రాణం పోయి కూర్చుని ఉంటే నేను డిస్కు గురించి మాట్లాడాను. ఆ సిగ్గు ఈ రోజుకీ పోలేదు. అలా ఎందుకు అన్నానో చెప్పాలంటే ముందు ఆయన ఎలాంటివాడో చెప్పాలి.

సొంత చిన్నాయన కాదు. సూర్యాపేటలో మా పుట్టింటి పక్క వాటా వాళ్ళది. నాన్నను అన్నా అని పిలిచేవాడు, అమ్మను వదినె అనేవాడు, కాబట్టి నాకు చిన్నాయన. మోతె నుంచి వచ్చి ఇంటి ముందు గదికి షట్టర్ పెట్టించి మొదట టేప్‌రికార్డర్లు, తర్వాత టీవీలు, చివరికి డీవీడీ ప్లేయర్లు బాగుచేశాడు. చుట్టూ అందరూ సెల్‌ఫోన్లలోకి మారిపోయారు, ఆయన మారలేదు. "గీ మిషిన్లు పట్టుకొని ఇప్పుడు నా దగ్గరికి ఎవరొస్తరో తెలుసా? సినిమా సూసేటోళ్ళు రారు. ఇంట్ల మనిషి పోయినోళ్ళొస్తరు" అనేవాడు.

నిజమే. పెళ్ళి డిస్కులు, మొదటి పుట్టినరోజు డిస్కులు, గృహప్రవేశాలు. అందులో నవ్వుతూ తిరిగేవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేనివాళ్ళే. అందుకే కాబోలు, ఆయన పనితీరు చూసేవాళ్ళకు వింతగా ఉండేది. ప్లేయరు విప్పి డిస్కు వేసి పరీక్షించేటప్పుడు టీవీ మీద ఎర్ర తువ్వాల కప్పేసేవాడు. బొమ్మ చూడడు. మిషను మూతకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, చక్రం తిరిగే చప్పుడు మాత్రం వినేవాడు. తువ్వాల కింద ఎవరో నవ్వుతుంటారు, ఎవరో ఎవరినో భోజనానికి పిలుస్తుంటారు, పసిపిల్ల ఏడుస్తుంటుంది. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలోకి అడుగుపెడితే నాకు ఒళ్ళు జలదరించేది.

"తువ్వాల ఎందుకు చిన్నాయనా?" అని ఒకసారి అడిగాను.

"మొదటి సూపు ఇంటోళ్ళది బిడ్డా. మనం మెకానిక్‌లం, మనకెందుకు?" అన్నాడు.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. పోయిన మనిషి తెర మీద ఉండగా ప్లేయరును ఆపనిచ్చేవాడు కాదు. నేను అక్కడ ఉండగానే ఒకసారి నేరేడుచర్ల నుంచి ఒక ధాన్యం వ్యాపారి వచ్చాడు, వాళ్ళ నాన్న ఉన్న డిస్కు పట్టుకుని. బాగయ్యాక తువ్వాల తీస్తే, ఫోన్‌లో ఫొటో తీసుకుంటానని గబుక్కున రిమోట్ అందుకుని తండ్రి మొహం మీద ఆపేశాడు. సరిగ్గా అప్పుడే ఆ వ్యాపారికేదో ఫోన్ వచ్చింది, బయటికి వెళ్ళి మాట్లాడి వచ్చాడు. అంతసేపూ ఆ పెద్దాయన రెప్పలు సగం వాలి, నోరు సగం తెరిచి, మా వైపే చూస్తూ ఉండిపోయాడు. వ్యాపారి తిరిగొచ్చి తెర వైపు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "మా నాయిన ఎన్నడూ గిట్ల సూడలేదు సార్" అన్నాడు మెల్లగా.

"ఆపితే గంతే. పోయినోళ్ళను సగం మాటల నిలబెట్టొద్దు, నడవనియ్యాలె" అని చిన్నాయన రిమోట్ లాక్కున్నాడు.

కోపిష్టి కూడా. గీతలు పోతాయని డిస్కుకు టూత్‌పేస్ట్ రుద్ది తెచ్చేవాళ్ళ మీద మండిపడేవాడు. "పేస్టు పండ్లకు పెట్టుకోవాలె. గుండ్రంగ రుద్దినవ్, ఇగ లెన్సు ఏం చదువుతది? మధ్యల నుంచి అంచుకు తుడవాలె, సూడు, గిట్ల" అని తన లుంగీ అంచుతోనే చూపించేవాడు. తిట్టిన మనిషికే చాయ తెప్పించేవాడు. బొమ్మ ఎగిరిపోతోందనో, ఒక్కచోటే ఆగిపోతోందనో ఎవరొచ్చినా ఆయన వెతుకులాట ఒకే వరసలో సాగేది. "ముందుగాల మిషిన్ను అడుగు. మిషిన్ చెప్పకుంటే డిస్కును అడుగు. అదీ చెప్పకుంటే మనిషిని అడుగు" అనేవాడు. మూడో మాటకు అర్థం నా డిస్కు తీసుకుపోయిన రోజున తెలిసింది.

నా పెళ్ళయిన అయిదు నెలలకు అమ్మ పోయింది. అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు, నా పెళ్ళి డిస్కులో తప్ప. అందులోనూ ఆమె మాట్లాడేది ఒక్కచోటే. అప్పగింతలయ్యాక నేను కారెక్కుతాను, అమ్మ కిటికీ దగ్గరికి వచ్చి వంగి ఏదో చెబుతుంది. ఆ రోజు బ్యాండు మోతలో, నా ఏడుపులో, ఏం చెప్పిందో నాకు వినపడలేదు. తల మాత్రం ఊపాను. ఆ మాటేమిటో తెలుసుకోవాలని ఇన్నేళ్ళ తర్వాత డిస్కు వేస్తే అక్కడికి రాగానే పట్టేసేది. అమ్మ వంగుతుంది, నోరు తెరుస్తుంది. కర్ర్‌మని చప్పుడు. మళ్ళీ రెండడుగుల వెనక నుంచి నడిచొస్తుంది, వంగుతుంది, నోరు తెరుస్తుంది. బడిలో కంప్యూటర్‌లో వేశాను, అక్కడే ఆగిపోయింది. వీడియో తీసినాయన దుకాణం ఎప్పుడో మూసేశాడు, వేరే కాపీ లేదు. కోదాడలో ఒక షాపులో చూపిస్తే ఆయన, "లెన్సు వీకయిందండీ, కొత్త ప్లేయరు తీసుకోండి. అయినా ఇవన్నీ ఇప్పుడు ఎవరు చూస్తున్నారండీ?" అన్నాడు. కొత్తది కొన్నాను. కొత్తదాంట్లోనూ అమ్మ అలాగే వచ్చి, అలాగే నోరు తెరిచి, వెనక్కి పోయింది. కొన్నాళ్ళకు ఆ చప్పుడు నా నిద్రలోకి కూడా వచ్చేసింది. అప్పుడు చిన్నాయన దగ్గరికి వెళ్ళాను. నిజానికి ముందే వెళ్ళాల్సింది. పుట్టింటి గోడ పక్కన కూర్చుని అమ్మ గొంతు వినడమంటే భయపడ్డాను.

ముందు మిషన్ను అడిగాడు. వేరే డిస్కు వేస్తే చివరిదాకా ఆడింది. అయినా లెన్సును స్పిరిట్ దూదితో తుడిచాడు. లెన్సు ముందుకూ వెనక్కూ జరిగే కడ్డీ మీద గట్టిపడ్డ గ్రీజు గీకి కొత్తది పూశాడు. నా డిస్కు వేసి, తువ్వాల కప్పి, చెవి ఆనించాడు. అదే చప్పుడు. అప్పుడు డిస్కు తీసి గుమ్మంలోకి వెళ్ళి ఎండకు అడ్డంగా పట్టుకున్నాడు. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"గీత అడ్డంగ లేదు బిడ్డా. గుండ్రంగ ఉన్నది, ముగ్గుల చుక్క చుట్టు తిప్పినట్టు. చేతులకెళ్ళి జారి పడితే గిట్ల పడదు. పాడుబడ్డ మిషిన్ల ఎవరో ఒక్కటే కాడికి మళ్ళ మళ్ళ తిప్పుకోని సూసిన్రు. గాడ లెన్సు ఎగిరెగిరి తగిలింది. నువ్వేనా?"

నేను కాదు. నేను చూసేనాటికే అది పట్టేస్తోంది.

చిన్నాయన డిస్కు బల్ల మీద పెట్టాడు. స్టూలు వేసుకుని పై అరలోంచి దుమ్ము కొట్టుకుపోయిన ప్లేయరు దించాడు. అమ్మది. అమ్మ పోయాక నాన్న నాతో మిర్యాలగూడ వచ్చేస్తూ దాన్ని ఆయనకు ఇచ్చేశాడు. "మీ అమ్మను దవాఖానకు తోల్కపోయిన దినం ఇది నడుస్తనే ఉండె. పరేషాన్‌ల గోడ స్విచ్ నేనే బంద్ చేసిన. తర్వాత దీనికి కరెంటు ఇయ్యబుద్ధి కాలే. మూత విప్పి చేత్తోనే డిస్కు తీసి మీ నాయినకిచ్చిన. అప్పటి సంది గిట్లనే ఉన్నది" అన్నాడు.

నాలుగు మరలూ విప్పి మూత తీశాడు. మామూలుగా ఆపితే లెన్సు తన చోటికి తాను వెళ్ళిపోతుందట. కరెంటు ఒక్కసారిగా పోతే ఎక్కడుందో అక్కడే నిలిచిపోతుందట. దీంట్లో లెన్సు మధ్య దాటి, అంచుకు కొంచెం ఇవతల ఆగి ఉంది. దాని చుట్టూ డిస్కు గీరుకుని రాలిన తెల్లటి దుమ్ము, ఉప్పుపొడిలా. చిన్నాయన నా డిస్కును దానిమీద పెట్టి వంగి చూడమన్నాడు. ఆ గుండ్రటి గీత సరిగ్గా లెన్సు మీదికి వచ్చింది.

"గీడనే ఆగింది" అన్నాడు. 

అంటే ఆ అయిదు నెలలూ, నాన్న పనికి పోయిన మధ్యాహ్నాల్లో, అమ్మ ఆ కిటికీ దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. ఏం వెతుక్కుందో ఎవరికీ చెప్పలేదు. చివరి రోజు కూడా ఆమె చూస్తున్నది అదే. నేను ఆ స్టూలు మీదే కూర్చున్నాను.

"పాలిష్ పెట్టి రుద్దితే గీత పోతది, మాట దొరుకుతదని గ్యారంటీ లేదు. రుద్దకుంటే గీత ఉంటది, మాట ఉండదు. మీ అమ్మ సూసిన గుర్తు కావాల్నా, చెప్పిన మాట కావాల్నా? నేను చెప్పలేను బిడ్డా, నువ్వే చెప్పాలె" అన్నాడు.

 డిస్కు అక్కడే పెట్టి వచ్చేశాను. రెండు నెలలు ఆయన ఒక్కసారీ తొందరపెట్టలేదు, నేను ఫోన్ చేసినప్పుడు ఆ ఊసే ఎత్తేవాడు కాదు. ఒక సోమవారం నేనే ఫోన్ చేసి, "రుద్దు చిన్నాయనా. మాటే కావాలె" అన్నాను.  "మంచిది. ఆదివారం రా" అన్నాడు. గురువారం పోయాడు.

నేను సూర్యాపేట చేరేసరికి ఆయన్ను ఇంటి ముందు పడుకోబెట్టారు. షట్టర్ సగం ఎత్తి ఉంది. లోపల డిస్కు అయిపోయి మళ్ళీ మొదటికొచ్చి, నా పెళ్ళి సన్నాయి సన్నగా మోగుతూనే ఉంది, అయిపోతోంది, మళ్ళీ మొదలవుతోంది. నా మాట మీద ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఒక ముసలామె నన్ను చూసి, "శవం కాడ మంగళవాద్యమేందమ్మా" అని ముక్కున వేలేసుకుంది. నేను వంగి లోపలికి పోయి ఆపేశాను. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో మొదటిసారి ఏడ్చాను, ఆయన కోసమే.

దినాలు అయిన మర్నాడు చిన్నమ్మ నన్ను దుకాణంలోకి తీసుకుపోయింది. "ఆ పొద్దుగాల నేను పొయ్యికాడున్న. ముందట ఆడమనిషి గొంతు వినబడ్డది. ఎవరొచ్చిన్రని అడిగిన. 'వదినె వచ్చింది, చాయ పెట్టు' అన్నడు. మంచిగనే అన్నడు, సంతోషంగ అన్నడు. నాకున్న వదినెలల్ల ఎవరో అనుకున్న. మూడు గ్లాసులల్ల చాయ పోసుకోని వచ్చిన. కుర్చీల ఆయనొక్కడే ఉన్నడు" అంది.

"అప్పుడు కూడా టీవీ మీద తువ్వాల ఉందా చిన్నమ్మా?"

"కప్పే ఉండె. నువ్వు సూసినవు గదా."

మాట దొరికింది. దొరికినా తువ్వాల ఎత్తలేదు. ఆదివారం దాకా ఆ చూపును నా కోసం అట్టే పెట్టాడు. ఎవరి ఇంటి దుఃఖాన్నీ ముందుగా చూడకూడదనుకున్న మనిషి ఆయన. అంత మర్యాద తెలిసినవాళ్ళను నేను పెద్ద పెద్ద చోట్ల కూడా చూడలేదు.

డిస్కు ఎండకు పెట్టి చూశాను. గీత లేదు, అద్దంలా ఉంది. చిన్నమ్మ పక్కన కూర్చుంది. ప్లేయరులో వేసి తువ్వాల తీశాను.

అమ్మ నడిచొచ్చింది. వంగింది. నోరు తెరిచింది.  ఆ కర్ర్‌మనే చప్పుడు రాలేదు.

"చీకటి పడకముందే చేరుతరు గదా. చేరంగనే ఒక్క ఫోన్ చెయ్యి బిడ్డా. నువ్వు చేసేదాంక నేను పండుకోను."

తెరలో నేను తల ఊపాను. కారు కదిలింది.

ఆ రోజు నేను ఫోన్ చెయ్యలేదు. మర్నాడు మధ్యాహ్నం అమ్మే చేసింది, మంచిగున్నవా అని అడిగింది. ఇంకేమీ అనలేదు.

కారు వెళ్ళిపోయాక కూడా వీడియో ఆయన కెమెరాను కాసేపు అక్కడే ఉంచాడు. ఈ ముక్క నేను ఇంతకుముందెప్పుడూ చూడలేదు. బ్యాండువాళ్ళు డప్పులు భుజాన వేసుకుని వెళ్ళిపోతున్నారు. ఎవరో అమ్మను లోపలికి రమ్మని చేయి పట్టుకుంటే ఆమె విడిపించుకుంది. నడుము దగ్గర దోపుకున్న చిన్న ఫోన్ బయటికి తీసి, కొంగుతో తుడిచి, రెండు చేతులతో పట్టుకుని, కారు పోయిన దారివైపే చూస్తూ నిలబడింది.